అలీ నవాజ్ జంగ్ బహాదూర్

నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహాదూర్ (జూలై 11, 1877 – డిసెంబరు 6, 1949) హైదరాబాదు సంస్థానానికి చెందిన సుప్రసిద్ధ నీటిపారుదల ఇంజనీరు. ఈయన అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. మంజీరా నదిపై నిజాంసాగర్ జలాశయ నిర్మాణానికి సారథ్యం వహించి, వాన మీదనే ఆధారపడిన నిజామాబాదు, బోధన్, బాన్సువాడ ప్రాంతపు మెట్ట భూములకు కాలువ నీరు అందించిన వ్యక్తిగా ఈయన చరిత్రలో నిలిచాడు. నిజామాబాదు పట్టణానికి సమీపంలో ఉన్న అలీసాగర్ జలాశయం ఈయన పేరు మీదనే ఏర్పడినది. ఈయన జన్మదినమైన జూలై 11ను తెలంగాణ ప్రభుత్వం 2014లో తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవంగా ప్రకటించింది.

బాల్యము, విద్యాభ్యాసము

మీర్ అహ్మద్ అలీ 1877 జూలై 11న హైదరాబాదులో జన్మించాడు. ప్రాథమిక విద్య సెయింట్ జార్జి గ్రామర్ పాఠశాలలోను, తరువాతి విద్య మదరసా-ఎ-ఆలియాలోను, నిజాం కళాశాలలోను సాగింది. 1896లో హైదరాబాదు ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థి వేతనంతో ఇంగ్లండు వెళ్ళి కూపర్స్ హిల్ లోని రాయల్ ఇండియన్ ఇంజనీరింగ్ కళాశాలలో చేరాడు.

ఈ కళాశాలకు ఒక ప్రత్యేకత ఉంది. భారతదేశంలోని ప్రజా పనుల శాఖలకు కావలసిన ఇంజనీర్లను తయారు చేయడానికే 1871లో దీనిని లండన్ నగరానికి పశ్చిమాన ఎగామ్ సమీపంలో నెలకొల్పారు. విద్యార్థులలో అత్యధికులు ఆంగ్లేయులే. భారతీయులకు ప్రవేశం దొరకడం అరుదు. ఏడాది పొడవునా చినుకులు పడే ఒక శీతల దేశంలో కూర్చుని, నాలుగు నెలల వానతో పన్నెండు నెలలు గడపవలసిన ఉష్ణ దేశానికి కాలువలు, ఆనకట్టలు ఎలా కట్టాలో అక్కడ నేర్పేవారు. ఇంగ్లండు రైతుకు పొలంలో నిలిచిన నీటిని బయటకు పంపడం సమస్య. దక్కను రైతుకు పారిపోయే నీటిని పట్టి ఆపడం సమస్య. ఈ తేడా తెలిసిన విద్యార్థికే ఆ చదువు సార్థకమవుతుంది. ఈ కళాశాల 1906లో మూతపడినది.

మీర్ అహ్మద్ అలీ 1899లో చదువు పూర్తి చేసుకొని స్వదేశానికి తిరిగి వచ్చాడు. ఆయన వచ్చిన ఏడాదే పశ్చిమ, మధ్య భారతాలలో వానలు పూర్తిగా తప్పిపోయాయి. 1899–1900 నాటి ఆ మహా క్షామం హైదరాబాదు సంస్థానాన్ని, ముఖ్యంగా మరాఠ్వాడా జిల్లాలను, తీవ్రంగా దెబ్బతీసింది. యువ ఇంజనీరు ఉద్యోగ జీవితం కరవు కాలంలోనే మొదలైనది.

ఉద్యోగ జీవితము

1899లో ఈయన హైదరాబాదు ప్రజా పనుల శాఖలో సహాయ ఇంజనీరుగా చేరాడు. క్రమంగా పదోన్నతులు పొంది 1913లో ఆ శాఖకు కార్యదర్శి, 1918లో ముఖ్య ఇంజనీరు అయ్యాడు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రభుత్వం నుండి అలీ నవాజ్ జంగ్ అనే బిరుదు పొందాడు. తరువాతి కాలంలో అసలు పేరు మరుగున పడి బిరుదే పేరుగా స్థిరపడినది.

ముఖ్య ఇంజనీరు పదవి చేపట్టిన 1918 సంవత్సరంలోనూ దేశమంతటా నైరుతి ఋతుపవనాలు విఫలమయ్యాయి. దానికి తోడు ఆ ఏడాదే ఇన్ఫ్లుయెంజా మహమ్మారి ప్రబలింది. ఈయన ఉద్యోగ జీవితంలో రెండు ముఖ్య ఘట్టాలూ ఇలా అనావృష్టి సంవత్సరాలలోనే సంభవించాయి. ఈయన కాలంలో హైదరాబాదు ప్రభుత్వం భారీ జలాశయాల నిర్మాణానికి పూనుకోవడానికి గల నేపథ్యాన్ని అర్థం చేసుకొనడానికి ఈ విషయం తోడ్పడుతుంది.

నాటి మెట్ట వ్యవసాయము

హైదరాబాదు సంస్థానం సుమారు 82,700 చదరపు మైళ్ళ విస్తీర్ణం కలిగి ఉండేది. భూస్వభావాన్ని బట్టి ఇది రెండు భాగాలు. తూర్పున తెలంగాణలో గ్రానైటు రాతి మీద ఏర్పడిన ఎర్ర చల్కా నేలలు ఎక్కువ. ఇవి నీటిని నిలుపుకోలేవు; అందువలన ఇక్కడ కాకతీయుల కాలం నుండి చెరువుల కింద వరి సాగు వృద్ధి చెందింది. పశ్చిమాన మరాఠ్వాడాలో నల్లరేగడి నేలలు ఎక్కువ. ఇవి వాన తేమను చాలాకాలం పట్టి ఉంచుతాయి; అందువలన అక్కడ జొన్న, పత్తి ప్రధాన పంటలు. నిజామాబాదు జిల్లా ఈ రెండు ప్రాంతాల సరిహద్దులో ఉంది. బోధన్, బాన్సువాడ వైపు నల్లరేగడి కనిపిస్తే, తూర్పు వైపునకు పోయే కొద్దీ చల్కా నేలలు పెరుగుతాయి.

రెవెన్యూ లెక్కలలో నీటి వసతి ఉన్న భూమిని తరి అనీ, వాన మీద ఆధారపడిన మెట్ట భూమిని ఖుష్కి అనీ వ్రాసేవారు. వానాకాలపు వరిని ఆబి, ఎండాకాలపు వరిని తాబి అని పిలిచేవారు. ఈ మాటలు తెలంగాణ పల్లెల్లో వృద్ధుల నోట ఇంకా వినిపిస్తాయి. ఖుష్కి భూములలో జొన్న, కంది, పెసర, నువ్వులు, శనగ, కుసుమ వంటి పంటలు వేసేవారు. గుంటకతో నేలను పైపైన గీరి తేమ ఆవిరి కాకుండా కాపాడడం, గొర్రుతో తేమ తగిలేంత లోతున విత్తడం, జొన్నలో కంది కలిపి ఒకటి పోయినా మరొకటి దక్కేలా చూడడం ఇక్కడి రైతుల అనుభవ జ్ఞానం. బావుల కింద మోట కొట్టి కొద్దిపాటి తోట పంట తీసేవారు.

నిజామాబాదు జిల్లాలో సగటు వర్షపాతం సుమారు 1,000 మిల్లీమీటర్లు. ఈ లెక్క చూస్తే ఇది ఎడారి కాదు. కష్టం మొత్తంలో లేదు, పంపకంలో ఉంది. వర్షంలో అధిక భాగం జూన్ నుండి సెప్టెంబరు వరకు కురుస్తుంది. మధ్యలో మూడు వారాలు ముఖం చాటేస్తే పైరు ఎండిపోతుంది. చెరువులు నిండినా ఒక చెరువు కొద్ది ఊళ్ళకు మించి ఆదుకోలేదు. వాన లేని ఏడాది చెరువు కూడా ఖాళీయే. అదే సమయంలో మంజీరా వరద నీరు ఈ ఊళ్ళ పక్కనుంచే గోదావరిలోకి పోయేది. పక్క నుండి నది పోతున్నా పొలానికి నీరు లేని ఈ స్థితిని మార్చడమే నిజాంసాగర్ పథకపు ఉద్దేశం.

నిజాంసాగర్

మంజీరా నది మహారాష్ట్రలోని బీడ్ జిల్లా బాలాఘాట్ కొండలలో పుట్టి, ఆగ్నేయ దిశగా ప్రవహించి, కర్ణాటకను దాటి తెలంగాణలో ప్రవేశించి, మెదక్ ప్రాంతంలో ఉత్తరానికి మళ్ళి, నిజామాబాదు జిల్లా కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. నది ఉత్తరానికి మళ్ళిన తరువాత అచ్చంపేట, బంజెపల్లి గ్రామాల మధ్య ఆనకట్టకు స్థలాన్ని నిర్ణయించారు. ఈ ప్రదేశం 2016లో ఏర్పడిన కామారెడ్డి జిల్లాలో ఉన్నది.

నిర్మాణం 1923లో ప్రారంభమై 1931లో పూర్తయినది. ఆనకట్ట పొడవు సుమారు 3 కిలోమీటర్లు. దాని మీద మోటారు వాహనాలు పోగల 14 అడుగుల వెడల్పు రహదారిని నిర్మించారు. జలాశయపు మొదటి నిల్వ సామర్థ్యం సుమారు 29.7 టీఎంసీలు. ఒక టీఎంసీ అనగా వంద కోట్ల ఘనపుటడుగులు. ప్రధాన కాలువ పొడవు సుమారు 155 కిలోమీటర్లు. దీని కింద 2,75,000 ఎకరాలకు నీరు అందించాలని ఉద్దేశించారు.

విద్యార్థులు ఈ అంకెలను కలిపి చూడవచ్చును. 2,75,000 ఎకరాలను 29.7తో భాగిస్తే టీఎంసీకి 9,200 ఎకరాలకు పైగా వస్తుంది. వరి పొలానికి ఎప్పుడూ నీరు నిలిపి ఉంచాలి గనుక ఒక టీఎంసీతో అంత విస్తీర్ణంలో వరి పండించడం కష్టం. జొన్న, వేరుశనగ వంటి ఆరుతడి పంటలకైతే అది సాధ్యమే. వానాకాలంలో జలాశయం ఒక వైపు ఖాళీ అవుతూ మరొక వైపు నిండుతూ ఉంటుంది గనుక ఇంకొంత వెసులుబాటు కలుగుతుంది. కాలువ కింద ఉన్న పొలమంతా వరి మడి కాకుండా, వరి, చెరకు, ఆరుతడి పంటలు తగు పాళ్ళలో ఉన్నప్పుడే ఈ లెక్క సరిపోతుంది. తరువాతి కాలంలో వచ్చిన చిక్కులలో అనేకం ఈ పాళ్ళు తప్పడం వలన కలిగినవే.

ఈ నిర్మాణానికి మూల్యం చెల్లించినవారు కూడా ఉన్నారు. జలాశయం కోసం సుమారు 40 గ్రామాలను ఖాళీ చేయించవలసి వచ్చింది. నది ఒడ్డున ఉన్న ఊళ్ళు, పొలాలు, గుడులు, మసీదులు, శ్మశానాలు నీట మునిగాయి. ముంపు గ్రామాలు ఆనకట్టకు ఎగువన ఉండగా, నీరు అందిన గ్రామాలు దిగువన ఉన్నాయి. అనగా భూమి కోల్పోయినవారు ఒకరు, లాభపడినవారు మరొకరు. భారీ ప్రాజెక్టులన్నిటిలోను కనిపించే ఈ లక్షణం నిజాంసాగర్ చరిత్రలోనూ ఉన్నది.

బోధన్ చెరకు సీమ

మెట్ట పైర్లకు అలవాటు పడిన గ్రామాలకు ఒక్కసారిగా కాలువ నీరు వచ్చినంత మాత్రాన మడి వ్యవసాయం రాదు. పొలాన్ని చదును చేయాలి, గట్లు వేయాలి, బోదెలు తీయాలి. వీటన్నిటికీ పెట్టుబడి కావాలి. ఈ పరిస్థితులలో కృష్ణా, గోదావరి డెల్టాలలో కాలువ సేద్యం తెలిసిన కోస్తా జిల్లాల రైతులు నిజాంసాగర్ ఆయకట్టుకు వలస వచ్చి భూములు కొన్నారు. వారి నివాసాలు ఊరికి దూరంగా పొలాల మధ్య ఏర్పడ్డాయి. వీటికి క్యాంపులు అని పేరు. బోధన్, వర్ని, కోటగిరి, బాన్సువాడ ప్రాంతాలలో క్యాంపు అనే మాటతో ముగిసే ఊరి పేర్లు ఈ వలసకు గుర్తులు. వీరి రాకతో సాగు వేగంగా విస్తరించింది. మరొక వైపు, నీటి విలువ పూర్తిగా తెలియక ముందే భూమి అమ్ముకున్న స్థానిక రైతులు ఆ లాభంలో పాలు పొందలేకపోయారు. ఈ అసంతృప్తి తరువాతి దశాబ్దాల ప్రాంతీయ చర్చలలో కూడా వినిపించినది.

1932లో భారత ప్రభుత్వం దిగుమతి చక్కెరపై సుంకం విధించి దేశీయ పరిశ్రమకు రక్షణ కల్పించింది. ఒక ఏడాది కాలం పొలంలో ఉండే చెరకుకు ఎండాకాలంలో కూడా నీరు కావాలి. అటువంటి నీరు నిజాంసాగర్ కింద అప్పుడే లభ్యమైనది. ఈ రెండు కారణాల ఫలితమే బోధన్ శక్కర్‌నగర్‌లో 1938లో పని ప్రారంభించిన నిజాం చక్కెర కర్మాగారం. దీనికి హైదరాబాదు ప్రభుత్వం 1929లో ఏర్పరచిన పారిశ్రామిక ట్రస్టు నిధి తోడ్పడినది. కర్మాగారానికి స్వంత చెరకు క్షేత్రాలు కూడా ఉండేవి. ఒకప్పుడు ఆసియాలోని పెద్ద చక్కెర కర్మాగారాలలో ఒకటిగా పేరు పొందినది. రుద్రూరులో వరి, చెరకు పంటలపై పరిశోధనా కేంద్రం కూడా ఈ ఆయకట్టు అవసరాల కోసమే వృద్ధి చెందినది.

ఈ విధంగా ఒక ఇంజనీరు గీసిన కాలువ గీత వెంట పంటలు, ఫ్యాక్టరీ, రైలు వ్యాగన్లు, చెరకు బండ్లు, కొత్త ఊళ్ళు, కొత్త యాసలు వచ్చాయి.

అలీసాగర్, మాక్లూర్ ప్రాంతము

నిజామాబాదు పట్టణానికి సుమారు 10 కిలోమీటర్ల దూరంలో, ఠాణాకలాన్ వద్ద, నిజాంసాగర్ కాలువల వ్యవస్థలో భాగంగా 1930–31 ప్రాంతంలో నిర్మించిన చిన్న జలాశయానికి అలీ నవాజ్ జంగ్ పేరు మీద అలీసాగర్ అని పేరు పెట్టారు. అడవి, కొండ, నీరు కలిసిన ఈ ప్రదేశం విహార స్థలంగా ప్రసిద్ధి పొందినది.

నిజాంసాగర్ ప్రధాన కాలువ బాన్సువాడ, బోధన్ ప్రాంతాలను దాటి నిజామాబాదు, మాక్లూర్, నందిపేట, ఆర్మూరు వైపునకు సాగుతుంది. అందువలన మాక్లూర్ పరిసర గ్రామాలు కాలువ చివరి భాగంలో ఉన్నాయి. ఏ కాలువకైనా మొదట్లో ఉన్న పొలాలకు నీరు ముందుగా చేరుతుంది. అక్కడి రైతులు వరి విస్తీర్ణం పెంచుకుంటే చివరి పొలాలకు నీరు తగ్గుతుంది. కాలువ గట్లు తెగినా, పూడిక పెరిగినా, జలాశయంలో నీరు తగ్గినా మొదటి దెబ్బ చివరి గ్రామాలకే తగులుతుంది. కాగితం మీద తరిగా నమోదైన భూమి ఆచరణలో ఖుష్కిగా మారడం ఈ ప్రాంతపు అనుభవం. బావులు, తరువాత గొట్టపు బావులు ఈ లోటును కొంతవరకు పూరించాయి. పసుపు వంటి పంటలు నిలిచింది ఎక్కువగా బావుల ఆధారంతోనే.

ఈ కొరత తీర్చడానికి 2000 దశకంలో రెండు ఎత్తిపోతల పథకాలు చేపట్టారు. కోస్లీ వద్ద గోదావరి నీటిని ఎత్తి నిజాంసాగర్ చివరి ఆయకట్టుకు అందించే పథకానికి అలీసాగర్ ఎత్తిపోతల అని పేరు. ఉమ్మెడ వద్ద నీటిని ఎత్తే మరొక పథకానికి మాక్లూర్ మండలంలోని గుత్ప గ్రామం పేరు కలిపి అర్గుల్ రాజారాం గుత్ప ఎత్తిపోతల అని పేరు పెట్టారు. రెండింటికీ శ్రీరాంసాగర్ వెనుక జలాలే ఆధారం. మంజీరా నీటి కోసం తీసిన కాలువలలో ఇప్పుడు గోదావరి నీరు కూడా ప్రవహిస్తున్నదన్న మాట. వాలు వెంట దానంతట అదే పారే నీటికి, విద్యుత్తుతో ఎత్తవలసిన నీటికి ఖర్చులో గల తేడాను ఈ ప్రాంతంలో ప్రత్యక్షంగా చూడవచ్చును.

ఇతర నిర్మాణాలు

1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చిన సలహా మేరకు హైదరాబాదు నగర రక్షణకు, త్రాగునీటికి రెండు జలాశయాలను తలపెట్టారు. వీటిలో మూసీ నదిపై ఉస్మాన్‌సాగర్ 1920లోను, ఈసీ నదిపై హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. ఈ కాలంలో ప్రజా పనుల శాఖ బాధ్యతలు అలీ నవాజ్ జంగ్‌వే. ఖమ్మం ప్రాంతంలోని పాలేరు, వైరా జలాశయాలు, మెదక్ – కామారెడ్డి సరిహద్దులో ఆలేరు వాగుపై 1922లో పూర్తయిన పోచారం జలాశయం కూడా ఈ కాలానివే. నగరంలో ఉస్మానియా ఆసుపత్రి వంటి భవనాల నిర్మాణం సైతం ఈ కాలంలోనే జరిగినది.

వీటన్నిటినీ ఒక్క వ్యక్తి సృష్టిగా భావించడం సరికాదు. రూపకర్తలు, క్షేత్రస్థాయి ఇంజనీర్లు, మేస్త్రీలు, రాళ్ళు మోసిన వేలాది కూలీల శ్రమ ఇందులో కలిసి ఉన్నది. అయితే ఒక శాఖకు సుదీర్ఘకాలం ఒకే దృష్టితో నాయకత్వం లభించడం వలన చిన్న చెరువు నుండి పెద్ద జలాశయం వరకు పనులు వరుసగా సాగాయి.

సుక్కూరు ఆనకట్ట పరిశీలన

నిజాంసాగర్ పని ప్రారంభమైన 1923లోనే సింధు ప్రాంతంలో సుక్కూరు వద్ద సింధు నదిపై లాయిడ్ ఆనకట్ట పని కూడా ప్రారంభమైనది. అప్పటికి సింధు ప్రాంతం బొంబాయి రాష్ట్రంలో భాగం. అక్కడి వర్షపాతం చాలా చోట్ల ఏడాదికి 200 మిల్లీమీటర్ల కంటె తక్కువ. అది నిజమైన ఎడారి దేశం. అక్కడ కాలువ లేనిదే పంట లేదు. 50 లక్షల ఎకరాలకు పైగా నీరు ఇవ్వదలచిన ఈ బృహత్ పథకపు వ్యయం, ఆదాయం, భవిష్యత్తు అంచనాలను పరిశీలించడానికి బొంబాయి ప్రభుత్వం 1929లో ఇద్దరు ఇంజనీర్లతో ఒక సంఘాన్ని నియమించింది. ఒకరు విశ్వేశ్వరయ్య, రెండవవారు అలీ నవాజ్ జంగ్. ఒక సంస్థానపు ఇంజనీరును బ్రిటిష్ ఇండియాలోని అతిపెద్ద పథకపు పరిశీలనకు పిలవడం ఈయన ప్రతిష్ఠకు నిదర్శనం. సుక్కూరు ఆనకట్టను 1932 జనవరిలో ప్రారంభించారు.

నిజాంసాగర్‌కు, సుక్కూరుకు మౌలికమైన భేదం ఉన్నది. సింధు నదికి హిమాలయాల మంచు కరిగిన నీరు వేసవిలో కూడా వస్తుంది. అందువలన అక్కడ నీటిని మళ్ళిస్తే చాలు. మంజీరాకు మంచు కొండల ఆధారం లేదు. వానకాలపు నీటిని జలాశయంలో దాచుకోవలసిందే. దాచుకున్న నీటితో పాటు ఒండ్రు మట్టి కూడా చేరుతుంది. నిజాంసాగర్ తరువాతి చరిత్రకు ఈ భేదమే మూలం.

నదీ జలాల ఒప్పందాలు, జాతీయ ప్రణాళిక

తుంగభద్ర, కృష్ణా జలాల పంపకం విషయంలో హైదరాబాదు, మద్రాసు ప్రభుత్వాల మధ్య సాగిన చర్చలలో అలీ నవాజ్ జంగ్ హైదరాబాదు పక్షాన ప్రముఖ పాత్ర వహించాడు. తుంగభద్ర ప్రాజెక్టుపై రెండు ప్రభుత్వాల నడుమ 1944లో ఒప్పందం కుదరగా, 1945 ఫిబ్రవరి 28న శంకుస్థాపన జరిగినది.

1938లో కాంగ్రెసు అధ్యక్షుడు సుభాష్ చంద్ర బోసు చొరవతో, జవాహర్‌లాల్ నెహ్రూ అధ్యక్షతన జాతీయ ప్రణాళికా సంఘం ఏర్పడినది. ఈ సంఘం కింద నదుల నియంత్రణ, నీటిపారుదల విషయాలను పరిశీలించిన ఉపసంఘానికి అలీ నవాజ్ జంగ్ అధ్యక్షుడుగా వ్యవహరించాడు. దాని నివేదిక 1947లో అచ్చయినది. నిజాం ప్రభుత్వంలో ఎదిగిన ఒక అధికారి, స్వాతంత్ర్యోద్యమం నడిపిన సంస్థ తలపెట్టిన ప్రణాళికా రచనలో పాల్గొనడం గమనించదగిన విషయం. నదికి సంస్థానపు సరిహద్దులతో పని లేదు. ఎగువన కట్టిన కట్ట దిగువవారి పంటను నిర్ణయిస్తుంది. నదీ జలాల చర్చలలో పాల్గొన్న ఇంజనీరుకు ఇది స్వానుభవమే.

చివరి దశ

1948 సెప్టెంబరులో జరిగిన పోలీసు చర్యతో హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో విలీనమైనది. తాను జీవితమంతా సేవించిన ప్రభుత్వపు ముగింపును చూసిన అలీ నవాజ్ జంగ్ 1949 డిసెంబరు 6న మరణించాడు.

ఆయన తరువాత నిజాంసాగర్

మంజీరా ఎగువ ప్రాంతమంతా ఎక్కువగా సాగులో ఉన్న నల్లరేగడి భూములు. ప్రతి వానకాలం వరద నీటితో పాటు ఆ మట్టి జలాశయానికి చేరినది. ఫలితంగా 29.7 టీఎంసీల సామర్థ్యం 1970 దశకం ఆరంభానికి సుమారు 12 టీఎంసీలకు పడిపోయినది. పూర్తి నీటిమట్టాన్ని 1,405 అడుగులకు పెంచి సామర్థ్యాన్ని 17.8 టీఎంసీలకు తీసుకొని వచ్చారు. పూడిక తీయలేక గోడను ఎత్తు చేయవలసి వచ్చినదన్న మాట. 1980 దశకంలో ఎగువన సింగూరు జలాశయం నిర్మించి హైదరాబాదు నగరానికి త్రాగునీరు మళ్ళించడంతో నిజాంసాగర్‌కు చేరే నీరు మరింత తగ్గినది. వర్షాభావ సంవత్సరాలలో నగరపు దాహానికి, ఆయకట్టు పంటకు పోటీ ఏర్పడినది.

నీటి కొరత ప్రభావం చెరకుపై పడినది. రైతులు తక్కువ కాలపు పంటలకు మళ్ళారు. నిజాం చక్కెర కర్మాగారం 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్ళి, 2015 డిసెంబరులో మూతపడినది. బోధన్‌తో పాటు మెదక్ ప్రాంతంలోని మంబోజిపల్లి, మెట్‌పల్లి వద్ద గల ముత్యంపేట యూనిట్లు కూడా అప్పుడే మూతపడ్డాయి. కార్మికుల జీతాలు, చెరకు రైతుల భవిష్యత్తు, కర్మాగారాన్ని తిరిగి తెరవడం అనే అంశాలు అప్పటి నుండి ప్రతి ఎన్నికలోను చర్చకు వస్తున్నాయి. ఒక జలాశయం చుట్టూ అల్లుకున్న ఆర్థిక వ్యవస్థ ఆ జలాశయంతో పాటు క్షీణించగలదని బోధన్ ఉదాహరణ తెలియజేస్తుంది.

కృషి విలువ

అలీ నవాజ్ జంగ్ కృషిని అంచనా వేసేటప్పుడు రెండు వైపులా చూడవలసి ఉంటుంది. మెట్ట పంట మీద బ్రతికే లక్షలాది ఎకరాలకు నీటి భరోసా కల్పించడం, ఒక జిల్లా ఆర్థిక స్వరూపాన్నే మార్చడం సామాన్యమైన విషయం కాదు. కరవు నివారణకు గంజి కేంద్రాల కంటె జలాశయాలు మేలైన మార్గమని నిజాంసాగర్ ఒక తరం పాటు నిరూపించినది. అదే సమయంలో ముంపు గ్రామాల నష్టం, స్థానిక రైతుల భూముల అమ్మకం, పూడిక, కాలువ చివరి గ్రామాల కొరత కూడా ఈ చరిత్రలో భాగాలే. వీటిలో కొన్ని నిర్మాణ కాలానికి చెందినవి. అనేకం తరువాత పంటల పాళ్ళు తప్పడం వలన, ఎగువ ప్రాంతపు నేలను కాపాడకపోవడం వలన కలిగినవి.

ఒక విషయం మరువరాదు. తెలంగాణలో కాలువ నీరు అందని భూమి నేటికీ విస్తారంగా ఉన్నది. అక్కడ గుంటక, గొర్రు, జొన్న – కంది కలగలుపు నేర్పిన పాత మెట్ట విజ్ఞానం ఇంకా అవసరమే. 1972లో పటాన్‌చెరులో ఏర్పడిన అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్, 1985లో హైదరాబాదులో ఏర్పడిన కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ క్రీడా ఈ రంగంలోనే పని చేస్తున్నాయి. జలాశయం, మెట్ట సేద్యం ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలు కావు. ఎగువన పొలంలో మట్టి నిలిస్తేనే దిగువన జలాశయం నిలుస్తుంది.

గుర్తింపు

- నిజామాబాదు సమీపంలోని అలీసాగర్ జలాశయం, దాని పేరు మీద ఏర్పడిన అలీసాగర్ ఎత్తిపోతల పథకం ఈయన పేరును నిలుపుతున్నాయి.
- తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన 2014లోనే ప్రభుత్వం జూలై 11ను తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవంగా ప్రకటించినది. దేశవ్యాప్తంగా విశ్వేశ్వరయ్య జన్మదినమైన సెప్టెంబరు 15ను ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటారు. మూసీ జలాశయాల విషయంలోను, సుక్కూరు పరిశీలనలోను పేర్లు కలిసిన ఈ ఇద్దరు ఇంజనీర్లను ఒకే సంవత్సరంలో రెండు నెలల తేడాతో స్మరించుకునే అవకాశం తెలంగాణకు కలిగినది.